శుక్రవారం పదకొండున్నరకు

కాశిబుగ్గ, వరంగల్
18 జనవరి 2025

చిరంజీవి ప్రసన్నకు మేనమామ సుందర్ రావు దీవెనలు.

ఇక్కడ అందరం క్షేమమని రాయడం ఆచారం. కానీ నువ్వు హైదరాబాదులో పెద్ద దవాఖానలో షుగరు డాక్టరు పక్కన కుర్చీ వేసుకొని కూర్చుంటున్నావు కాబట్టి, క్షేమమని రాస్తే రుజువులు అడుగుతావు. అందుకని నేరుగా రిపోర్టే రాస్తున్నాను. మూడు నెలల షుగరు ఎనిమిది పాయింట్ తొమ్మిది.

ఈ కాలంలో ఉత్తరమేమిటని నవ్వకు. మన ఇంట్లో ఫోను మాట్లాడటమంటే స్పీకరు పెట్టి మీ రూతు అత్తకు వాంగ్మూలం ఇవ్వడమే. వాట్సాపు అయితే నాకంటే ముందు ఆమె చదువుతుంది. నువ్వు కూడా జవాబు ఇంటికి రాయకు. చౌరస్తాలో నా దోస్తు ఎల్లస్వామి జిరాక్సు షాపు ఉంది కదా, ఆ అడ్రసుకు రాయి. అతను మొన్నటి దాకా మగ్గం నేసినవాడు, నోట్లో నుంచి ఒక్క పోగు బయటికి రాదు.

మొన్న కిషన్ రావు డాక్టరు నా రిపోర్టు చూశాడు, పాత చీటీ చూశాడు, నా మొఖం తప్ప అన్నీ చూశాడు. "పెద్దాయనా, మాత్ర పెంచుతాన. రెండు ఎంజీది నాలుగు జేస్తాన. పొద్దుగాల తినే ముందు ఏసుకో. చెమటలు, వణుకుడు గిట్ల ఏమన్న అయితానయా" అని అడిగాడు. "ఏం లేవు సార్" అన్నాను.

నాకు కావలసింది ఒక్కటే. ఏప్రిల్లో మళ్ళీ పరీక్ష ఉంది. దానికి వారం ముందు ఏం తింటే, ఏం మానేస్తే ఆ మూడు నెలల అంకె కిందికి దిగుతుంది? కాజీపేట జంక్షన్‌లో ఇరవై తొమ్మిదేళ్ళు టీసీగా పని చేసినవాణ్ణి. ప్రతి స్టేషన్‌లో గేటు కాకుండా ఇంకో దారి ఉంటుందని నాకు తెలుసు. రక్తంలో కూడా ఉండే ఉంటుంది.

ఇంకొక శుభవార్త. నిన్న శుక్రవారం ఉపవాస ప్రార్థనలో నా మీదికి పరిశుద్ధాత్మ దిగింది. ఇది మూడోసారి. డాక్టరుకు చెప్పలేదు. అది ఆయన డిపార్ట్‌మెంటు కాదు.

ఇట్లు
మీ మామ


హైదరాబాదు
25 జనవరి

కాజీపేట జంక్షన్ మాజీ టీసీ, ప్రస్తుతం షుగరు రైలులో టికెట్ లేని ప్రయాణికుడు అయిన మామకు, మేనకోడలు ప్రసన్న మిక్కిలి గంభీరంగా రాసుకొను విన్నపం.

నీ ఉత్తరాన్ని మా హాస్టల్ వాచ్‌మన్ రెండు చేతులతో తెచ్చి ఇచ్చాడు. కోర్టు నోటీసు అనుకున్నాడట.

మామా, ముందు నా ఉద్యోగం సంగతి. ఫార్మ్-డి, అంటే మందుల చదువు, ఆఖరి సంవత్సరం వాళ్ళను డాక్టరు పక్కన కూర్చోబెట్టేది అందానికి కాదు. రోగి లోపలికి రాకముందే "ఏ మందు, ఏ టైముకు, నిజంగా వేసుకుంటున్నారా" అని అడగటానికి. నెల రోజుల్లో నేను నేర్చుకున్న వైద్యశాస్త్రం ఇది: డాక్టరు మూడు నిమిషాల్లో నిర్ణయం తీసుకుంటాడు, దానికి కావలసిన అబద్ధాలను రోగి మూడు నెలల నుంచి తయారు చేసుకొని వస్తాడు. నిన్న ఒక పెద్దాయన మాత్ర రోజు విడిచి రోజు వేసుకుంటున్నానని చెప్పాడు. ఎందుకని అడిగితే, "దానికి గూడ జర రెస్టు ఇయ్యాలె గద బిడ్డా" అన్నాడు.

ఇక నీ దొంగదారి గురించి. లేదు. మన ఎర్ర రక్తకణాలు సుమారు మూడు నెలల సీజన్ పాస్ మీద ఒళ్ళంతా తిరుగుతాయి. నువ్వు తిన్న ప్రతి తీపి వాటికి అంటుకుంటుంది. మూడు నెలల పరీక్ష అంటే ఆ అంటుకున్నదాన్ని లెక్కపెట్టడం. వారం ముందు ఉపవాసం ఉంటే, చివరి స్టేషన్‌లో టికెట్ కొని మొత్తం ప్రయాణానికి చూపించినట్టు. నువ్వయితే అట్లాంటివాణ్ణి వదిలేవాడివా?

కాబట్టి విచారణ మొదలు. నీ రోజు ఎట్లా గడుస్తుందో, ముఖ్యంగా శుక్రవారం, టైములతో రైల్వే టైంటేబుల్ మాదిరిగా రాసి పంపు. ఆత్మ దిగిన టైము కూడా వెయ్యి. నాకు అన్ని డిపార్ట్‌మెంట్లూ ఒక్కటే.

భయభక్తులతో
ప్రసన్న


కాశిబుగ్గ
8 ఫిబ్రవరి

చిరంజీవి ప్రసన్నకు,

అడిగావు కాబట్టి శుక్రవారం టైంటేబుల్.

5.30 లేచుట. 7.00 షుగరు మాత్ర, కొత్త నాలుగుది. 7.05 టిఫిను రద్దు, ఉపవాసం కనుక. మాత్ర ఆహారం కాదు కనుక అది రద్దు కాదు. ఈ విషయంలో నేనూ, మా చర్చిలో అందరికంటే పెద్దామె కమలక్కా ఏకాభిప్రాయానికి వచ్చాం. 10.00 ప్రార్థన ప్రారంభం. 11.30 ఆత్మ ఆగమనం. ప్రతి వారమూ అదే టైము. రైల్వేలో ఇన్నేళ్ళలో ఇంత సమయపాలన నేను చూడలేదు. 12.00 కమలక్క చేతి నిమ్మ షర్బతు. అది నీళ్ళ కిందికే వస్తుంది. 12.10 ఆత్మ నిష్క్రమణ, మనసులో గొప్ప నెమ్మది. 3.00 ఉపవాస విరమణ, బగారన్నం రెండుసార్లు, డబుల్ కా మీఠా వడ్డించేవాళ్ళకు కోపం వచ్చేదాకా.

మిగతా ఆరు రోజులు చెప్పుకోదగ్గవి కావు. తింటాను.

ఇప్పుడు పదకొండున్నర సంగతి రాస్తాను, నవ్వకుండా చదువు. ముందు చేతులు వణుకుతాయి. చొక్కా తడిసిపోతుంది. గుండె దడదడమంటుంది. ఎందుకో ఏడుపు వస్తుంది. నాలుక మందమై ఏవో మాటలు వస్తాయి, తర్వాత నాకు గుర్తుండవు. చుట్టూ అందరూ హల్లెలూయా అంటారు. మా పాస్టరు ఫ్రాన్సిస్ అయ్యగారు తలమీద చెయ్యి పెడతారు. నాలుగుది వేసుకోవడం మొదలుపెట్టినప్పటి నుంచి ఇంకా బలంగా వస్తున్నది. డాక్టరు చేతి చలువ అనుకున్నాను.

ప్రసన్నా, నీకు ఒక మాట చెప్పాలి. ఇరవై ఏళ్ళు నేను ఆ చర్చిలో చెప్పుల పక్కన ఆఖరి బల్లమీద కూర్చున్నాను. ఒకప్పుడు సంఘ పెద్ద డేవిడ్ బావమరిదికి రైల్లో ఫైను వేశానని, ప్రకటనలు చదవడానికి కూడా నా చేతికి మైకు ఇచ్చినవాడు లేడు. నిన్న అదే డేవిడ్ స్వయంగా కుర్చీ తెచ్చి ముందు వరసలో వేశాడు. "ఇక్కడ కూసో అన్నా" అన్నాడు. ఈస్టరు తర్వాత సంఘ పెద్దల ఎన్నిక ఉంది. నా పేరు వినపడుతున్నది.

మీ మామ


హైదరాబాదు
13 ఫిబ్రవరి

మామా,

నీ టైంటేబుల్ రెండుసార్లు చదివాను. మొదటిసారి నవ్వాను. రెండోసారి నవ్వలేదు.

ఏడు గంటలకు నువ్వు వేసుకునే మాత్రకు ఒక్కటే పని తెలుసు, ఒంట్లో ఇన్సులిన్ పిండి షుగరును కిందికి లాగడం. నువ్వు తిన్నావా, ఉపవాసం ఉన్నావా అని అది అడగదు. లాగేందుకు అన్నం లేకపోతే నిన్నే లాగుతుంది. నాలుగున్నర గంటలకు వణుకు, చెమట, దడ, ఏడుపు, మాట తడబడటం. షర్బతు తాగిన పది నిమిషాలకు నెమ్మది. దీనికి మా పుస్తకంలో ఒక పేరు ఉంది. షుగరు పడిపోవడం. అది యాభై కిందికి పోతే మనిషి స్పృహ తప్పి పడిపోవచ్చు. నువ్వు ఆ తర్వాత స్కూటరు మీద అత్తను వెనక కూర్చోబెట్టుకొని పోతున్నావు.

ఇప్పుడు నీ మూడు నెలల అంకె ఎందుకు దిగట్లేదో కూడా తెలిసింది. శుక్రవారం మూడింటికి మొదలైన విందు గురువారం దాకా నడుస్తుంది. డాక్టరుకు ఆ అంకె మాత్రమే కనపడుతుంది. మాత్ర పెంచుతాడు. పెంచితే శుక్రవారం ఇంకా బలంగా వస్తుంది. నువ్వు "ఏం లేవు సార్" అంటావు. మళ్ళీ పెంచుతాడు. ఇట్లాగే పోతే నువ్వు ఎన్నికలో గెలుస్తావు, ఫోటో రూపంలో.

మామా, నీ మీదికి వచ్చింది ఎవరో తీర్పు చెప్పే అర్హత నాకు లేదు. ఒక్క చుక్క రక్తం మాత్రం అడుగుతున్నాను. ఈ ఉత్తరంతో పాటు పార్సిల్‌లో ఒక మీటరు పంపాను. వణుకు మొదలుకాగానే వేలు గుచ్చి చూడు. డెబ్బై కంటే తక్కువ ఉంటే వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలుపుకొని తాగు. ఆ తర్వాత కిషన్ రావు డాక్టరు దగ్గరికి పోయి ఉపవాసం సంగతి మొత్తం చెప్పు. ఆయన మాట్లాడేదాకా తినకుండా ఆ మాత్ర వేసుకోకు.

ప్రసన్న


కాశిబుగ్గ
22 ఫిబ్రవరి

ప్రసన్నకు,

నీ ఉత్తరం చదివి బాధపడ్డాను. నిన్ను ఎత్తుకొని కాజీపేట ప్లాట్‌ఫారం మీద ఇంజన్లు చూపించినవాణ్ణి. నా భక్తిని చెంచాల్లో కొలుస్తావని అనుకోలేదు.

అయినా నీ మాట తీసివేయలేదు. మీటరు అందింది. నిన్న శుక్రవారం వాడాం. మీటరు 112 చూపించింది. నూట పన్నెండు. ఇక నీ మనసు కుదుటపడాలి.

ఈస్టరుకు ముందు శ్రమకాలం వస్తున్నది. నలభై రోజులూ ప్రార్థనలే. మడికొండలో కంప్యూటరు ఆఫీసులో పని చేసే స్వప్న ఉంది కదా, రెండుసార్లు కడుపు నిలవని పిల్ల, ఇప్పుడు మళ్ళీ నీళ్ళోసుకుంది. నాతో ప్రార్థన చేయించుకోవడానికి ఆమె లీవు పెట్టి వస్తున్నది. నన్ను చూడటానికి లీవు పెట్టిన మొదటి మనిషి. రైల్వేలో నన్ను చూసి బాత్‌రూములో దాక్కునేవాళ్ళు.

మామ


హైదరాబాదు
1 మార్చి

పూజ్యులైన మామగారికి,

నూట పన్నెండు అంకెకు నా సాష్టాంగ నమస్కారం. ఉపవాసం, నాలుగుది మాత్ర, వణుకు, అయినా నూట పన్నెండు. మా పుస్తకం రాసినవాళ్ళు కాశిబుగ్గ రాలేదు కాబట్టి వాళ్ళకు తెలియదు.

నేను ఓడిపోయాను. ఓడిపోయినందుకు సంతోషంగా కూడా ఉంది. ఇంకో మూడు శుక్రవారాలు చూసి అంకెలు రాయి. డాక్టరుకు చెప్పడం మాత్రం మానకు. స్వప్నక్కను అడిగానని చెప్పు.

ఓడిన మేనకోడలు
ప్రసన్న


కాశిబుగ్గ
24 మార్చి

బిడ్డా ప్రసన్నా,

నేను మీ రూతు అత్తను. ఎల్లస్వామన్న షాపుకు ఉత్తరాలు వస్తున్నాయని నాకు మొదటి నుంచీ తెలుసు. మీ మామ ఇరవై తొమ్మిదేళ్ళు రైల్లో దొంగలను పట్టిండు, నేను ముప్ఫై నాలుగేళ్ళ నుంచి ఆయనను పడుతున్న. అడగలేదు. దాచుకోవడానికి ఒకటన్నా ఉండనీ అనుకున్న.

ఇప్పుడు అడగాల్సి వచ్చింది. నెల కింద ఒక శుక్రవారం, వణుకుడు వచ్చినప్పుడు మీ మామ స్వప్న దిక్కు చూసి, "మాత్ర వద్దు, ఇగ చాలు, మాత్ర వద్దు" అన్నడు. నేను పక్కనే ఉన్న, నా చెవులతో విన్న. నిన్న స్వప్న వాళ్ళ అమ్మ చెప్పింది. ఆ పిల్ల ఆ రోజు నుంచి థైరాయిడ్ గోలీలు ఆపేసిందట. ఐదు నిండి ఆరో నెల నడుస్తున్నది. "దేవుడే చెప్పిండు ఆంటీ, నాకు ఫికర్ లేదు" అంటున్నదట. మొఖం ఉబ్బి, పొద్దంతా నిద్ర. మీ మామకు చెప్తే గోడ దిక్కు తిరిగి పండుకున్నడు. నాకు ఆ తిరగడం నచ్చలేదు బిడ్డా. అది తెలియనివాడు తిరిగే తిరగడం కాదు.

నీకు తెలిసింది ఏందో నాకు చెప్పు. దాచకు.

మీ అత్త

అమ్మా ప్రసన్నా, నేను ఎల్లస్వామిని. అక్క ఈ ఉత్తరం నా షాపులోనే కూర్చొని రాసింది, నాకు చదివి వినిపించింది. నేనూ ఒక మాట రాస్తున్న. ఆ నూట పన్నెండు నాది. ఆ శుక్రవారం సాయంత్రం మీ మామ మిషను పట్టుకొని వచ్చి "వేలు ఇయ్యరా" అన్నడు, ఇచ్చిన. మీటరు 112 చూపించింది అని రాస్తే అబద్ధం కాదు కదరా అన్నడు. నాకు షుగరు లేదని ఇంట్ల పాయసం వండిచ్చుకున్న. తర్వాత సిగ్గనిపించింది. ఇంకో అనుమానం. పాలకుర్తి జాతరల మా చిలుకమ్మ వదినెకు ఏటేటా పూనకం వస్తది. ఆమె కూడ షుగరు గోలీలు ఏసుకుంటది. ఆమెకు కూడ చూడాల్నా?


హైదరాబాదు
28 మార్చి

మామా,

ఇందులో జోకులు లేవు.

అత్త ఉత్తరం అందగానే స్వప్నక్కకు ఫోను చేశాను. గోలీలు మళ్ళీ మొదలుపెట్టు అక్కా అన్నాను. "మీ మామ నోటితోని దేవుడు చెప్పిన మాట, నువ్వు చదువుకున్న పిల్లవు, నీకు తెల్వది" అని పెట్టేసింది. నీకు ఫోను చేశాను. ప్రార్థనలో ఉన్నావని అత్తతో చెప్పించావు.

ఆమెకు ఆ గోలీ బలం మందు కాదు. ఆమె గొంతులోని గ్రంథి చేయాల్సిన పనిని ఆ గోలీ చేస్తున్నది. కడుపులో బిడ్డ ఎదగడానికీ, మెదడు తయారు కావడానికీ అది కావాలి. రెండు కడుపులు నిలవని తర్వాత కష్టపడి కుదిర్చిన డోసు అది. నెల రోజుల నుంచి లేదు.

నా తప్పు ఒకటి ఒప్పుకుంటున్నాను. నూట పన్నెండు రాకూడని అంకె అని నాకు తెలుసు. నచ్చిన అంకె కాబట్టి నమ్మాను. కిషన్ రావు డాక్టరు నీ మొఖం చూడకుండా కాగితం చూశాడని నువ్వు రాస్తే నవ్వుకున్నాను, నేనూ అదే చేశాను.

నువ్వు మొదటి బల్ల మీద కూర్చోవాలని నాకూ ఉంది మామా. ఇరవై ఏళ్ళు చెప్పుల పక్కన కూర్చున్నావని రాసినప్పుడు నాకు ఏడుపొచ్చింది, అది నీకు రాయలేదు. కానీ ఆమె నా మాట వినదు, డాక్టరు మాట వినదు. నీ మాటతో ఆపింది. నీ మాటతోనే మొదలుపెట్టాలి.

ప్రసన్న


కాశిబుగ్గ
6 ఏప్రిల్

ప్రసన్నకు,

మీటరులో ఉన్న అంకెలు రాస్తున్నాను. వేలు నాదే. ఫిబ్రవరి 21, పదకొండు ముప్ఫై నాలుగు, 52. మార్చి 7, పదకొండు ఇరవై తొమ్మిది, 48. మార్చి 14, పదకొండు ముప్ఫై ఒకటి, 55. వణుకు మొదలవగానే వెనక గదిలోకి పోయి చూసుకున్నాను. తెలిసీ మళ్ళీ వచ్చి ముందు కుర్చీలో కూర్చున్నాను. మొదటి నెలన్నర నాకు నిజంగా తెలియదు. ఆ తర్వాత తెలుసు. అంతే.

నీ ఉత్తరం అందిన రోజే స్వప్న ఇంటికి పోయాను. "బిడ్డా, అది దేవుడు గాదు, నా షుగరు. గోలీలు ఏసుకో" అన్నాను. ఆ పిల్ల కళ్ళనీళ్ళు పెట్టుకొని నా కాళ్ళకు దండం పెట్టింది. "ఎంత తగ్గించుకుంటాండ్రు అంకుల్" అంది. ఇంకా గట్టిగా కాదన్నాను. ఇంకా గొప్పవాణ్ణి అయ్యాను. నేను గుమ్మం దాటేలోపు వాళ్ళమ్మ నా చెప్పులు తుడిచి పెట్టింది. జీవితంలో మొదటిసారి నిజం చెప్తే నమ్మేవాడు దొరకలేదు.

అందుకని మొన్న శుక్రవారం పొద్దున మీ అత్తను నాలుగు ఇడ్లీలు పెట్టమన్నాను. ఆమె ఏమీ అడగకుండా ఆరు పెట్టింది. తిని చర్చికి పోయి ముందు కుర్చీలో కూర్చున్నాను. పదకొండు అయింది. పాటలు ఎక్కువయ్యాయి. పదకొండున్నర అయింది. అందరూ నా దిక్కు చూడటం మొదలుపెట్టారు. తర్వాత గోడ గడియారం దిక్కు. పదకొండు నలభై. ఫ్రాన్సిస్ అయ్యగారు ఇంకో పాట ఎత్తుకున్నారు. పదకొండు యాభై. ప్లాట్‌ఫారం మీద జనం పట్టాల దిక్కు తొంగిచూస్తారు చూడు, అట్లా చూస్తున్నారు. కమలక్క షర్బతు గ్లాసు పట్టుకొని నిలబడే ఉంది.

నేను లేచి సాక్ష్యం చెప్పాలని మైకు అడిగాను. డేవిడ్ తెచ్చి ఇచ్చాడు.

"ఇయ్యాల రాదు. పొద్దుగాల ఆరు ఇడ్లీలు తిన్న" అన్నాను.

కొందరు ఆమేన్ అన్నారు. అలవాటు.

మీటరు జేబులో నుంచి తీసి అంకెలు చదివాను, తేదీతో, టైముతో. తినకుండా మాత్ర వేసుకుంటే నాకు ఏమవుతుందో చెప్పాను. "ఇరవై తొమ్మిదేండ్లు టికెట్ లేనోళ్ళను దించిన. రెండు నెలల నుంచి నేనే టికెట్ లేకుంట ఈ కుర్చీల కూసున్న. నన్ను దించెటోడు లేడు, గందుకే నేనే దిగుతాన" అన్నాను.

స్వప్న లేచి నిలబడింది. "మరి మాత్ర వద్దన్నది?"

"నేను ఏమన్ననో నాకు యాదిలేదు బిడ్డా. నా మాత్ర చేదుగుంటది, గదే అన్ననేమో. అన్నది మాత్రం నేను. దేవుడైతే నీ దిక్కు చూసి గట్లనడు" అన్నాను.

మీ అత్త వెనక నుంచి వచ్చి స్వప్న చెయ్యి పట్టుకొని, "నడువు, ఇప్పుడే పోదాం డాక్టరమ్మ దగ్గరికి. ఆటో బయట ఆపిన" అంది. ఆటో ముందే మాట్లాడి ఉంచుకుందట. నేను లేచి చెప్తానని ఆమెకు ఎవరు చెప్పారో తెలియదు. ఆరు ఇడ్లీలు తినడం చూసి ఉంటుంది.

అయ్యగారు ఏమీ కోప్పడలేదు. భుజం మీద చెయ్యి వేసి, "సుందర్ రావుగారూ, ఇన్ని శుక్రవారాలల్ల నేను విన్న మంచి సాక్ష్యం ఇదే" అన్నారు. డేవిడ్ వచ్చి కుర్చీ తీసుకుపోయాడు. సాక్ష్యం అయ్యాక మళ్ళీ కూర్చున్న నేను దాంట్లో నుంచి ఇంకా పూర్తిగా లేవలేదు.

స్వప్నకు రక్తపరీక్ష చేశారు. అంకె చాలా పైన ఉందట. గోలీ వెంటనే మొదలుపెట్టించి, డోసు పెంచి, నాలుగు వారాలకు మళ్ళీ చూస్తామన్నారు. బిడ్డ గుండె బాగానే కొట్టుకుంటున్నది. ఆ చప్పుడు మీ అత్త ఫోనులో రికార్డు చేసి తెచ్చింది. స్పీకరు పెట్టి వినిపించింది.

నిన్న కిషన్ రావు డాక్టరుకు కూడా అన్నీ చెప్పాను. ఆయన పెన్ను కింద పెట్టి మొదటిసారి నా మొఖం చూశాడు. "ఇది ముందుగాల చెప్తే నేను పెంచుదునా పెద్దాయనా" అన్నాడు. ఆ మాత్ర పూర్తిగా ఆపేసి, తనంతట తాను షుగరు పడగొట్టని ఇంకో రకం రాశాడు. నా వయసుకు ఏడున్నర చాలు, ఏడు కోసం ఉరకొద్దన్నాడు. డబుల్ కా మీఠా గురించి అడిగాను. మళ్ళీ పెన్ను తీసుకున్నాడు.

మామ


హైదరాబాదు
12 ఏప్రిల్

ధ్రువీకరణ పత్రం

కాజీపేట జంక్షన్ మాజీ టీసీ శ్రీ సుందర్ రావు గారు తేది 4-4-2025 శుక్రవారం నాడు, నడుస్తున్న బండిలో నుంచి, అందరూ చూస్తుండగా, తనను తాను దించుకొనిరని ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది. ఇట్టి పని ఇంతకు ముందు ఏ టీసీ చేసినట్టు రికార్డు లేదు.

మా డాక్టరుగారికి నీ కథ పేరు లేకుండా చెప్పాను. ఆయన నవ్వలేదు. ఆ రోజు నుంచి ప్రతి రోగినీ "వారంలో ఏ రోజన్నా ఉపవాసం ఉంటారా" అని అడుగుతున్నారు. శనివారాలు, సోమవారాలు, రోజాలు, ఏకాదశులు అన్నీ బయటపడుతున్నాయి. మూడు నిమిషాలు ఆరు అయ్యాయి. బయట లైను గేటు దాకా పెరిగింది, అందరూ నన్ను తిడుతున్నారు.

ఎల్లస్వామి మామకు చెప్పు. చిలుకమ్మగారికి కూడా చూడాలి. అమ్మవారు ఏమీ అనుకోదు.

మామా, ఇకనుంచి ఉత్తరాలు ఇంటి అడ్రసుకే రాస్తాను. అత్త ముందు చదివి నీకు ఇస్తుంది.

ప్రసన్న


కాశిబుగ్గ
20 జూలై

చిరంజీవి ప్రసన్నకు మామ దీవెనలు. ఈ ఉత్తరం మీ అత్త చదివి, రెండుచోట్ల దిద్ది, ఒప్పుకున్న తర్వాతే పోస్టులో వేస్తున్నాను.

స్వప్నకు ఈ నెల ఐదున ఆడపిల్ల పుట్టింది. రెండు కిలోల ఎనిమిది వందలు. మడమ మీద గుచ్చి రక్తం తీసి థైరాయిడ్ పరీక్ష చేశారు, బాగుందన్నారు. నేను చూడటానికి పోతే స్వప్న బిడ్డను నా చేతుల్లో పెట్టింది కానీ ప్రార్థన చెయ్యమని అడగలేదు. నాకు అది న్యాయంగానే అనిపించింది.

ఎన్నికలో డేవిడే గెలిచాడు. నాకు పదకొండు ఓట్లు వచ్చాయి. పన్నెండోది మీ అత్తది కావలసింది, వెయ్యలేదంటుంది.

కానీ నాకు కొత్త ఉద్యోగం వచ్చింది. జూన్‌లో ఒక శుక్రవారం, పాటలు జోరుగా ఉన్నప్పుడు డేవిడ్ వణకడం మొదలుపెట్టాడు. చొక్కా తడిసింది. మాట తడబడింది. హల్లెలూయాలు మొదలయ్యాయి. అతనికి కూడా షుగరు ఉందని సంఘంలో ఎవరికీ చెప్పుకోలేదట. నేను ఆఖరి బల్ల మీద నుంచి లేచి మధ్య దారిలో నడుచుకుంటూ పోయాను, పూర్వం బోగీలో నడిచినట్టు. "డేవిడన్నా, జర వేలు చూపియ్" అన్నాను. పాట ఆగింది. 54. కమలక్క గ్లాసు అప్పటికే చేతిలో ఉంది. పది నిమిషాలకు డేవిడ్ తేరుకొని చుట్టూ చూసి, "ఏమన్న అన్ననా" అని అడిగాడు. "ఏమనలే. కుర్చీ నాకియ్యమన్నవ్" అన్నాను.

అప్పటి నుంచి శుక్రవారాలు తలుపు దగ్గర ఒక చిన్న బల్ల, మీటరు, నిమ్మ షర్బతు పెట్టుకొని కూర్చుంటున్నాను. చెప్పుల పక్కనే, నా పాత జాగా. షుగరు మందులు వేసుకునేవాళ్ళు పొద్దున తిని రావాలని అయ్యగారు ప్రకటించారు. ఆ ప్రకటన నాతోనే చదివించారు. ఎవరి మీదికి ఆత్మ వచ్చినా ముందు నా బల్ల దగ్గరికి పంపుతున్నారు. ఇప్పటిదాకా నలుగురు వచ్చారు. 61, 58, 66, ఒకామెకు 340. ఆమెను నేరుగా దవాఖానకు పంపాం.

మొన్న శుక్రవారం సంగతి రాసి ముగిస్తాను.

కమలక్క నీకు తెలుసు. ఎనభై ఏళ్ళు. ఇన్నేళ్ళుగా అందరి మీద అన్నీ దిగుతుంటే ఒక మూలన గ్లాసు పట్టుకొని నిలబడ్డ మనిషి. మొన్న ఆమె వణకడం మొదలుపెట్టింది. కళ్ళ నుంచి ధారగా నీళ్ళు. నేను పరుగెత్తుకొని పోయి వేలు పట్టుకున్నాను. ఆమె కళ్ళు తెరవలేదు, చెయ్యి మాత్రం ఇచ్చింది. గుచ్చాను. మీటరు లెక్కపెట్టింది. ఐదు, నాలుగు, మూడు, రెండు, ఒకటి.

104.

చుట్టూ అందరూ నా మొఖం దిక్కు చూస్తున్నారు. ఎవరన్నా అంకె అడిగితే చెప్పేవాణ్ణి. ఎవరూ అడగలేదు. మీటరు జేబులో పెట్టుకొని, ఆమె పక్కన తల వంచుకొని నిలబడ్డాను. పొద్దున తిని వచ్చాను. నా చేతులు వణకలేదు.

ఇట్లు
మీ మామ
సుందర్ రావు